చార్మినార్‌కి వెళ్లేటప్పుడు ఒక్కసారి తల పైకెత్తండి



పెళ్లి బట్టలకో, గాజులకో, ముత్యాలకో హైదరాబాద్ పాతబస్తీకి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా దగ్గర ఆటో దిగి, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మాత్రం షాపుల మీద పెట్టి, జనంతో పాటు నడుచుకుంటూ చార్మినార్ చేరుకుంటాం. ఆ నడక ఎలాంటి వీధిలో సాగిందో గమనించేవాళ్లు తక్కువ. సోషల్ టీచర్‌ని అయి ఉండీ నేను కూడా చాలా ఏళ్లు గమనించలేదు.

ఒకసారి మా ఏడో తరగతి పిల్లలను ఫీల్డ్ ట్రిప్‌కి అటు తీసుకెళ్లినప్పుడు ఒక పాప అడిగింది: "టీచర్, కింద షాపులన్నీ వేరేవేరేగా ఉన్నాయి, పైన చూస్తే మాత్రం అంతా ఒకటే బిల్డింగ్‌లా ఉందేంటి?" అందరం తలెత్తి చూశాం. ఫ్లెక్సీలకూ, ఏసీ డబ్బాలకూ, వైర్లకూ వెనకాల బూడిదరంగు రాతి గోడ, ఒకే కొలతతో వరుసగా కిటికీలు, రోడ్డు పొడుగునా సాగిపోతూ కనిపించాయి. ఆ పాప ప్రశ్నకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి, కాస్త ఆలస్యంగా.

ఆ వీధి పేరు పత్తర్‌గట్టి. పత్థర్ అంటే ఉర్దూలో రాయి. పేరులోనే రాయి ఉంది.

దారి మాత్రం ఆ రాళ్ల కంటే చాలా పాతది. 1591లో కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించినప్పుడు దాని నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు దారులు వేశారు. ఉత్తరం వైపు దారి మూసీ నది మీదుగా పోతుంది. చార్మినార్‌కి కొద్ది దూరంలో, ఇదే దారి మీద, నాలుగు పెద్ద కమానులు కట్టారు. వాటినే చార్ కమాన్ అంటాం. వాటి నడుమ ఉన్న నీళ్ల తొట్టి గుల్జార్ హౌజ్. మీరు మదీనా వైపు నుంచి నడిస్తే ముందు మచ్లీ కమాన్ కింద నుంచి, తర్వాత గుల్జార్ హౌజ్ పక్క నుంచి, ఆ తర్వాత చార్మినార్ కమాన్ కింద నుంచి వెళతారు. తూర్పున కాలీ కమాన్, పడమరన షేరే బాతిల్ కమాన్ ఉంటాయి. ఈసారి వెళ్లినప్పుడు ఆ నాలుగు పేర్లూ పిల్లల చేత చెప్పించండి. మన పిల్లలకు పారిస్‌లోని కమాను పేరు తెలుసు, మచ్లీ కమాన్ తెలియదు. తప్పు వాళ్లది కాదనుకోండి.

ఇక రాళ్ల సంగతి. అది అర్థం కావాలంటే 1908 సెప్టెంబర్ 28కి వెళ్లాలి. ఆ రోజు మూసీ పొంగింది. నదికి రెండు పక్కలా ఉన్న బస్తీలు కొట్టుకుపోయాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నది మీది వంతెనల్లో 1578 నాటి పురానాపూల్ నిలిచింది, తర్వాత కట్టిన అఫ్జల్ వంతెన కూలిపోయింది. ఇప్పుడు మనం నయాపూల్ అనే వంతెన దాని స్థానంలో కట్టినదే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

ఆ వరద తర్వాత నగరాన్ని కొత్తగా ఆలోచించక తప్పలేదు. వరదను అదుపు చేసే పని మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు అప్పగించారు. ఆయన సలహా మేరకే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. నగరం లోపలి పనికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అప్పటికి ప్లేగు కూడా నగరాన్ని పట్టి పీడిస్తోంది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలే రోగాలకు పుట్టిళ్లని అప్పటివాళ్లకు అర్థమైంది. మురికివాడలు తొలగించడం, కొత్త ఇళ్లు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం ఆ బోర్డు పని. నది ఒడ్డున ఈ రోజు కనిపించే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి భవనాలన్నీ వరద తర్వాతి కాలానివే.

నయాపూల్ నుంచి చార్మినార్ దాకా ఉన్న దారిని కూడా ఆ బోర్డే వెడల్పు చేసింది. రోడ్డు వెడల్పు చేయడం అంటే మనకు తెలిసింది ఒక్కటే: గోడ మీద ఎర్ర రంగుతో గీత గీస్తారు, సగం ఇల్లు పోతుంది, మిగిలిన సగానికి ముందు షట్టర్ బిగించుకుంటారు. బోర్డు అలా వదిలేయలేదు. రోడ్డుకు రెండు వైపులా ఒకే తీరు భవనాల వరుస కట్టింది. చెక్కిన నల్లరాతితో ముఖభాగం, కింద వరుసగా కోణపు కమానులు, కమానుల వెనక పైకప్పు ఉన్న నడవా, నడవా వెనక దుకాణాలు, పై అంతస్తులో మనుషులు ఉండే ఇళ్లు. ఎండకూ వానకూ తడవకుండా, బండ్లకు అడ్డం రాకుండా జనం నడవడానికే ఆ నడవా. దుకాణదారుడు పైన ఉంటూ కింద వ్యాపారం చేసుకోవచ్చు. మన పాప గమనించిన సంగతి ఇదే. అది నిజంగానే ఒకటే బిల్డింగ్, పొడుగాటిది. చాలా షాపులు పంచుకున్నాయి, అంతే.

ఇప్పుడు ఆ నడవాలో నడవాలని చూడండి. కొన్నిచోట్ల కుదురుతుంది. చాలాచోట్ల షాపు ముందుకు జరిగి నడవాను తనలో కలిపేసుకుంది. మిగిలిన చోట బట్టల స్టాండ్లు, చెప్పుల బల్లలు. అందుకే మనం రోడ్డు మీద నడుస్తున్నాం. వందేళ్ల కిందట పాదచారి కోసం కట్టిన ఫుట్‌పాత్ ఉండి కూడా, ఆటోల మధ్య పిల్లలను లాక్కుంటూ పోతున్నాం. నాకు ఆ వీధిలో అన్నిటికంటే బాధ కలిగించే మార్పు ఇదే. రాయి పగిలితే అతికించొచ్చు. నడవా ఎందుకు కట్టారో మరిచిపోతే తిరిగి గుర్తు చేయడం కష్టం.

మిగతా మార్పులు ఒకేసారి రాలేదు. చెక్క తలుపుల స్థానంలో ముందు ఇనుప షట్టర్లు వచ్చాయి. తర్వాత అద్దాల షోకేసులు. కమాను పై భాగం చెక్కతోనో రేకుతోనో మూసి దాని మీద సైన్‌బోర్డు. తర్వాత ఆ బోర్డు మీద ఫ్లెక్సీ. ఏసీ పెట్టడానికి రాతిలో కన్నం, కంప్రెసర్‌కి పైన స్టాండు, ఆ నీరు కారి గోడ మీద పచ్చటి చార. వ్యాపారం పెరిగినకొద్దీ పైన ఉన్న కుటుంబాలు విశాలమైన ఇళ్లు వెతుక్కుంటూ వేరే పేటలకు మారిపోయాయి. వాళ్లున్న గదులు గోడౌన్లు అయ్యాయి. మనుషులు ఉన్న ఇంట్లో కప్పు కారితే ఆ రాత్రే తెలుస్తుంది. గోడౌన్‌లో కారితే అట్టపెట్టెలు తడిసినప్పుడు తెలుస్తుంది. పాత భవనాలు వాడకం వల్ల కంటే ఖాళీగా ఉండడం వల్ల ఎక్కువ పాడవుతాయని పనివాళ్లు చెబుతారు. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

అదే దారిలో భవనం ఏకంగా మాయమై, పేరు మాత్రం మిగిలిన చోటు ఒకటుంది: దివాన్ దేవిడి. హైదరాబాద్ దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగ్ వంశీకుల నివాసం. మూడో సాలార్‌జంగ్ 1949లో చనిపోయాక, ఆయన సేకరించిన వస్తువులతో అక్కడే మ్యూజియం పెట్టారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దేవిడి ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా పోయింది. ఇప్పుడు దివాన్ దేవిడి అంటే రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ మార్కెట్. స్కూల్ యూనిఫాం గుడ్డ కోసం అక్కడికి వెళ్లినవాళ్లు మీలో ఉండొచ్చు. పాత ద్వారం మాత్రం నిలిచి ఉంది. ఆ ద్వారం కింద నుంచి బట్టల మూటలతో ట్రాలీ ఆటోలు దూరిపోతుంటాయి.

మదీనా బిల్డింగ్ కథ ఇంకో రకం. అద్దెల మీద వచ్చే రాబడిని అరేబియాలోని మదీనా నగరానికి పంపాలనే ఉద్దేశంతో కట్టిన భవనం అది. పేరు అలా వచ్చింది. చౌరస్తాకూ, హోటల్‌కూ, చివరికి బస్సు కండక్టర్ అరుపుకూ ఆ పేరే స్థిరపడింది.

మరి ఇంత గట్టి రాతి కట్టడాలు ఎందుకు పాడవుతాయి? పిల్లలు అడిగే ప్రశ్న ఇది. జవాబు సైన్స్ పాఠంలో ఉంది. రాయి గట్టిదే, రాళ్లను కలిపి ఉంచేది మాత్రం సున్నం. ఆ కాలంలో సున్నం, ఇసుక గానుగలో వేసి రోజుల తరబడి నూరేవారు. మనవాళ్లు డంగు సున్నం అనేది అదే. బెల్లం, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడలోకి చేరిన తేమను బయటకు వదిలేస్తుంది. కొద్దిగా సాగుతుంది, కొద్దిగా కుంచించుకుంటుంది. గోడ ఊపిరి తీసుకుంటుందని పాత మేస్త్రీలు అనే మాటకు అర్థం ఇదే.

ఇలాంటి గోడకు బీటపడితే ఈ రోజుల్లో మనం చేసే మొదటి పని సిమెంటు పూయడం. చూడడానికి చక్కగా ఉంటుంది. కానీ సిమెంటు తేమను బయటకు పోనివ్వదు. లోపల చిక్కుకున్న నీరు పక్కనున్న మెత్తటి సున్నాన్ని తినేస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు పెళ్లగా ఊడి వస్తుంది, దానితో పాటు పాత గచ్చు కూడా. దీనికి తోడు పక్షులు వేసిన రావి, మర్రి గింజలు. బీటలో మొలిచిన రావి మొక్కను పైపైన కోసేస్తే వేరు లోపల మరింత బలపడుతుంది. పత్తర్‌గట్టిలో పై అంతస్తు వైపు చూస్తే ఇలాంటి మొక్కలు మీకే కనిపిస్తాయి. పిల్లలను లెక్కపెట్టమనండి. మా పిల్లలు ఒక్క వరుసలోనే 11 లెక్కపెట్టారు.

చార్మినార్ లాంటి, కేంద్ర పురావస్తు శాఖ చూసుకునే కట్టడానికి కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు, మరమ్మతు జరిగింది. అదే పత్తర్‌గట్టిలో షాపు పై కిటికీ దగ్గర రాయి కదిలితే ఎవరు చూడాలి? అద్దెకున్న వ్యాపారా, యజమానా, యజమానులు పదిమంది వారసులైతే వారిలో ఎవరు? చాలా పాత భవనాల్లో అద్దె ఎప్పుడో కుదిరినది, మరమ్మతు మాత్రం ఇవాళ్టి ధర. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారుకు రక్షణ ఇచ్చింది, అది అవసరమే. కానీ చేతికొచ్చే అద్దె తక్కువైనప్పుడు యజమానికి సున్నం పనివాళ్లను పిలిపించే ఆసక్తి ఎక్కడిది? భవనం దానంతట అది కూలిపోతే స్థలానికి మంచి ధర వస్తుందని ఎదురుచూసేవాళ్లూ ఉంటారు. ఇది ఒక్క హైదరాబాద్ సంగతే కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో, విశాఖ వన్‌టౌన్‌లో, రాజమండ్రి పాత వీధుల్లో మీరు చూస్తున్నదీ ఇదే.

చట్టం లేదా అంటే, ఉంది. 1990ల్లో హైదరాబాద్‌లో నూటికి పైగా కట్టడాలను వారసత్వ జాబితాలో చేర్చారు. వాటి ముఖభాగం మార్చాలంటే అనుమతి కావాలన్నారు. 2015 చివర్లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ కొత్తగా వారసత్వ చట్టం తెచ్చింది. చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకుండా రాతి పలకలు పరిచి కాలినడక దారి చేశారు. అది ఎంత మేలో అక్కడికి పిల్లలతో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. మరోవైపు, పత్తర్‌గట్టికి తూర్పున దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా మెట్రో కోసం రోడ్డును వెడల్పు చేస్తున్నారు. 2025 జనవరిలో ఇళ్ల కూల్చివేత మొదలైంది. పాతబస్తీకి మెట్రో రావాలి, అందులో సందేహం లేదు. అక్కడి పిల్లలూ మన పిల్లల్లాగే తేలిగ్గా కాలేజీకి వెళ్లాలి. నా కోరిక ఒక్కటే. వెడల్పు చేసిన రోడ్డు పక్కన సగం కోసిన గోడలు మిగలకుండా, వందేళ్ల కిందట ఆ బోర్డు ఆలోచించినట్టు ఇప్పుడూ ఎవరైనా ఆలోచించాలి.

ఇక్కడ మనసుకు కష్టం కలిగించే ఒక విషయం చెప్పక తప్పదు. 2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో నిప్పంటుకుంది. కింద ముత్యాల దుకాణం, పైన కుటుంబం. వారు, వారి బంధువులు కలిపి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది చిన్నపిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు మొదట చెప్పారు. మంట కంటే పొగ ఎక్కువ మందిని బలి తీసుకుంది. బయటకు రావడానికి సొరంగం లాంటి ఒకే ఒక ఇరుకు దారి, ఒకే మెట్ల వరుస.

ఆ భవనం పాతదవడం వల్లే ఇలా జరిగిందని చాలామంది అన్నారు. నేను అలా అనుకోను. పాత ఇంట్లో మొదట నడుమ ఖాళీ ముంగిలి ఉంటుంది, గాలి పోయే దారులు ఉంటాయి. అవసరాలు పెరిగినకొద్దీ ముంగిలి మీద కప్పు వేస్తాం, కిటికీలు మూసి ఏసీలు పెడతాం, వెనక తలుపుకు అడ్డంగా సరుకు పేరుస్తాం. రెండు బల్బులు, ఒక ఫ్యాన్ కోసం వేసిన వైరింగ్ మీద అరడజను ఏసీల భారం వేస్తాం. అలా ఇల్లు లోపల్లోపల మారిపోతుంది, మనం గమనించం. మారడం తప్పు కాదు. చార్మినార్ కూడా మారింది. దానికి నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. ఏ మార్పు ఎక్కడ బరువు వేస్తుందో ఎవరూ లెక్క చూడకపోవడమే ప్రమాదం. కొత్త అపార్ట్‌మెంట్లలో ఉన్నాం కదా అని మనం ఊరుకోవడానికీ లేదు. మెట్ల మీద చెప్పుల స్టాండు, పిల్లల సైకిళ్లు, మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ, బాల్కనీకి తాళం లేని ఇనుప గ్రిల్లు: ఈ రాత్రి మీ ఫ్లోర్‌లో ఒక్కసారి చూసుకోండి. గ్రిల్లుకు లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించడం వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

పిల్లలను పత్తర్‌గట్టికి తీసుకెళ్లాలనుకుంటే ఆదివారం ఉదయం 8 గంటలకు బయల్దేరండి. షాపులు తెరిచేది పదకొండు దాటాకే. అప్పటిదాకా షట్టర్లు దించి ఉంటాయి, నడవా ఖాళీగా ఉంటుంది, కమానులు పూర్తిగా కనిపిస్తాయి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి నయాపూల్ మీదుగా నడవొచ్చు. వంతెన మీద ఆగి నదిని చూపించి 1908 సంగతి చెప్పండి. మదీనా నుంచి చార్మినార్ నడక కిలోమీటరుకు అటూ ఇటూ. ఒక కాగితం ఇచ్చి, నచ్చిన ఒక్క కమానును కింది నుంచి పై దాకా బొమ్మ వేయమనండి: ఏది మొదట కట్టినది, ఏది తర్వాత అతికించినది అన్నది రెండు రంగుల్లో. బోర్డు, షట్టర్, ఏసీ, వైరు ఒక రంగు. రాయి ఇంకో రంగు. ఏ రంగు ఎక్కువైందో వాళ్లకే కనిపిస్తుంది.

ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. ఏ షాపు పైన ఎవరు ఉండేవారో, నడవాలో ఎంత దాకా నడవగలిగేవారో పుస్తకాల్లో లేదు, వాళ్ల దగ్గరే ఉంది. వేరే ఊళ్లలో ఉన్నవారు మీ ఊరి పాత బజారులోనే ఇది చేయొచ్చు. పిల్లలు వేసిన బొమ్మలను వచ్చే నెల 10లోగా సోషల్ టీచర్‌కి పంపితే మా తరగతి గది బయటి గోడ మీద, వీధిలో ఉన్న వరుసలోనే, పక్కపక్కన అతికిస్తాం.